బోర్డు పై సగం

జగ్గయ్యపేట సమాధుల తోటలో మా లెక్కల టీచరుగారి అంత్యక్రియల ప్రార్థన అయిపోయింది. అందరం తలా పిడికెడు మట్టి వేసి గేటు వైపు నడుస్తున్నాం. నా పక్కన నడుస్తున్న ఒకావిడ తనని తాను పరిచయం చేసుకుంది. నాకంటే చాలా చిన్నది. మా టీచరుగారు రిటైరయ్యే ముందు నందిగామ హైస్కూల్లో ఆవిడ దగ్గర లెక్కలు చదువుకుందట. ఇప్పుడు తనూ చిల్లకల్లులో టీచరే. గేటు దగ్గర ఆగి అడిగింది.

"ఒక్క సంగతి నాకెప్పుడూ అర్థం కాలేదండీ. ఆవిణ్ణి అందరూ సగం బోర్డు టీచరు అనేవాళ్ళు గదా. మా ముందు బ్యాచీ వాళ్ళు అనేవాళ్ళు, వాళ్ళని చూసి మేమూ అనేవాళ్ళం. ఎందుకో తెలీదు. మాకైతే పై అంచు నుంచి కింద దాకా రాసేవారు. చోటు మిగిలేదే కాదు."

"మా రోజుల్లో సగమే రాసేవారమ్మా," అన్నాను.

"అదేంటండీ? ఎందుకని?"

ఆమె ఎక్కాల్సిన బస్సు వచ్చేసింది. కిటికీలోంచి చెయ్యి ఊపింది. నేను జవాబు చెప్పనే లేదు. ఇంటికి వచ్చాక కూడా ఆ ప్రశ్న వదల్లేదు. ఇది ఆ జవాబు.

టీచరుగారి పేరు రాయడం లేదు. పేరు అచ్చులో కనిపిస్తే "ఎవరు వేయమన్నారు?" అని అడిగే మనిషి. ఎక్కడ పుట్టారో, ఎవరి అమ్మాయో కూడా రాయను. నాకు తెలిసిందీ తక్కువే. తెలిసిన మేరకు ఆవిడ నా జీవితంలో ఏం చేశారో మాత్రం రాస్తాను.

ఆవిడ ఇల్లు జగ్గయ్యపేటలో, ఉద్యోగం నందిగామలో. రోజూ పొద్దున బస్సులో వచ్చి సాయంత్రం బస్సులో వెళ్ళేవారు. తెల్ల నేత చీర, సన్నంచు. సుద్దముక్కలు పాత పౌడరు డబ్బాలో దాచుకునేవారు. జాకెట్టుకి కుడి భుజం దగ్గర ఎప్పుడూ ఒక పిన్నీసు ఉండేది. పమిట ఎడమ భుజం మీద ఉంటుంది కాబట్టి ఆ పిన్నీసు అందరికీ కనిపించేది. చిన్నప్పుడు ఎడ్లబండి మీంచి పడ్డారట. కుడి భుజం ఎడమదానికంటే కొంచెం కిందికి, కొంచెం ముందుకి ఉండేది. ఎవరి దగ్గర కుట్టించుకున్నా ఆ భుజం మీద జాకెట్టు నిలిచేది కాదు. జారకుండా పిన్నీసు పెట్టుకునేవారు.

ఆ చెయ్యి పైకి లేవదు. అందుకని బోర్డు మీద గుండెల ఎత్తు నుంచి కిందికే రాసేవారు. పై సగం నల్లగా అలాగే ఉండిపోయేది. ముందు బెంచీల తలలు అడ్డం వచ్చి వెనకవాళ్ళకి ఏమీ కనిపించేది కాదు. ఆవిడ పౌడరు డబ్బా మూత తియ్యగానే వెనక బెంచీలు లేచి నిలబడేవి. ఎవరూ లెమ్మని చెప్పక్కర్లేదు. కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టరు ఒకాయన అది తనకి చేస్తున్న మర్యాద అనుకుని "కూర్చోండి, కూర్చోండి" అన్నాడు. ఎవరూ కూర్చోలేదు. హెడ్మాస్టరు గారు ఆవిడ ఎక్కి రాయడానికి ఒక ఎత్తు పీట చేయించారు. ఆవిడ దాని మీద టిఫిను క్యారియరు పెట్టుకున్నారు.

రేఖాగణితంలో ఏ రుజువైనా "ఇచ్చినది" అన్న మాటతో మొదలవుతుంది. ఇచ్చినదాన్ని దాటి ఏదీ ముందుగా అనుకోకూడదు. టీచరుగారు ఆ పద్ధతిని క్లాసు బయటికి కూడా తీసుకొచ్చేశారు. ఏం చెప్పినా, "ఇచ్చినదా, నువ్వనుకున్నదా?" అని అడిగేవారు. ఎవడైనా స్కూలుకి రాకపోతే పక్కవాడు "జ్వరమండీ" అనేవాడు.

"ఇచ్చినదా, అనుకున్నదా?"

"అనుకున్నానండీ."

"అయితే మార్జిన్లో రాసుకో."

అనుకున్నవన్నీ మార్జిన్లోకే పోవాలి. రుజువైతే లోపలికి తెచ్చుకోవచ్చు. నందిగామ బస్టాండులో కండక్టర్లకి కూడా ఈ బాధ తప్పేది కాదు. "సీట్లు లేవు టీచరుగారూ" అంటే, "లోపలికెళ్ళి చూసి చెబుతున్నావా, ఇక్కడ నిలబడి అనుకుంటున్నావా?" అనేవారు. "మీరెక్కండి తల్లీ, నా సీటిచ్చేస్తా" అనేవాడు ఒక కండక్టరు.

నేను థర్డు ఫారంలో, అంటే ఎనిమిదో తరగతిలో ఉండగా బెజవాడలో బంధువుల పెళ్ళికి వెళ్ళాం. అక్కడ పెళ్ళివారి తరఫు ఆవిడ ఒకరు నా పక్కన భోజనానికి కూర్చున్నారు. హైదరాబాదులో ఏదో కాలేజీలో బట్టల గురించి పాఠాలు చెబుతారట. నూలు ఎలా తయారవుతుంది, రంగు ఎందుకు వెలుస్తుంది, గుడ్డని ఒంటికి తగ్గట్టు ఎలా కొయ్యాలి అన్నీ అక్కడ నేర్పుతారని, మూడేళ్ళు చదివితే డిగ్రీ ఇస్తారని చెప్పారు. పప్పులో నెయ్యి వేసుకోవడం కూడా మర్చిపోయి విన్నాను. అప్పటికే మా అమ్మ మిషను మీద చెల్లెలికి గౌన్లు కుట్టేదాన్ని. పత్రికల్లో బొమ్మలు చూసి కాలర్లు మార్చేదాన్ని. దానికి ఒక చదువు ఉందని అంతవరకు తెలీదు.

ఇంటికి వచ్చి చెప్పాను. మా నాయనమ్మ దానికి వెంటనే పేరు పెట్టింది.

"ఫ్యాషన్ల కాలేజీయా? ఏం నేర్పుతారే, పైట జారేసుకోడమా?"

నాన్నగారు తాలూకా ఆఫీసులో గుమాస్తా. కాగితాల మధ్య నుంచి తలెత్తి, "ముందు ఎస్సెల్సీ గట్టెక్కనీ" అన్నారు. కాదనలేదు. మా ఇంట్లో కాదనకపోవడం అంటే సగం ఒప్పుకున్నట్టే.

ఫోర్తు ఫారం నుంచి సబ్జెక్టులు ఎంచుకోవాలి. మా స్కూల్లో ఎంచుకోవడం అనేది మాటకే. మధ్యాహ్నం గంట కొట్టగానే మగపిల్లలు గదిలో ఉండిపోయి కాంపోజిట్ లెక్కలు చెప్పించుకునేవాళ్ళు. అందులో బీజగణితం, రేఖాగణితం ఉండేవి. ఆడపిల్లలు సంచులు తీసుకుని వెనక వరండాలోకి కుట్టు క్లాసుకి వెళ్ళేవాళ్ళు. వాళ్ళకి జనరల్ లెక్కలు, అంటే వడ్డీలు, లాభనష్టాలు. రెండూ ఒకే పీరియడు. ఎప్పటినుంచి అలా ఉందో ఎవరికీ తెలీదు. ఆడపిల్లలు కుట్టే తీసుకోవాలని రూల్సులో ఎక్కడా లేదు, ఆ సంగతీ ఎవరూ అనలేదు. ఎవరూ అడగలేదు.

నాకైతే అడగాల్సిన పనే కనిపించలేదు. బట్టల కాలేజీకి వెళ్ళదలుచుకున్నదాన్ని కుట్టు తీసుకోక ఏం తీసుకుంటాను? కుట్టు టీచరుగారు పొంగిపోయారు. లావుగా, ఎప్పుడూ చెమట తుడుచుకుంటూ, ఎవరినైనా ప్రేమగా తిట్టే మనిషి. నా కాజాలు చూసి "ఒసేయ్, నా చెయ్యి నీకొచ్చిందే" అనేవారు. లెక్కల టీచరుగారికి జాకెట్లు కుట్టేదీ ఆవిడే. ఆ భుజం గురించి వాళ్ళిద్దరికీ ఏళ్ళ తరబడి తగువు.

"అక్కా, ఈ జాకెట్టూ జారుతోంది."

"వంకర నీ చేతిది తల్లీ, నా కత్తెరది కాదు. ఈసారి చంక ఇంకాస్త కిందికి దింపి కోస్తాలే. చేతికి వీలుగా ఉంటుంది."

వేసవి సెలవుల ముందు ఒకరోజు వరండాలో లెక్కల టీచరుగారు నన్ను ఆపారు.

"ఏం తీసుకుంటున్నావ్?"

"కుట్టండీ. బట్టల చదువు చదువుతా. దానికి కుట్టే కదండీ కావాలి."

"ఇచ్చినదా, అనుకున్నదా?"

పక్కనే ఉన్న కుట్టు టీచరుగారు అందుకున్నారు.

"ఇందులో ఇంకా ఇచ్చేదేముందే? చేపల వ్యాపారం చేసేవాడికి చేపలు తెలియాలా వద్దా?"

"తెలియాలక్కా. ఆ కాలేజీ వాళ్ళు ఏం తెలియాలంటున్నారో నాకు తెలీదు. నీకు తెలుసా?"

"నాకెలా తెలుస్తుంది? నేనేమన్నా హైదరాబాదు వెళ్ళానా?"

"మరి."

ఆ శనివారం ఆవిడ ఇంటికి వెళ్ళే బస్సు ఎక్కలేదని, బెజవాడ బస్సు ఎక్కారని తర్వాత తెలిసింది. అక్కడ ఆడపిల్లల కాలేజీలో తనతో చదువుకున్న స్నేహితురాలు పని చేసేది. ఆమెని అడిగి, ఆమె ఇంకొకరిని అడిగి, తేల్చుకుని వచ్చారు. సోమవారం సాయంత్రం బడి వదిలాక నేరుగా మా ఇంటికి వచ్చారు. టీచరుగారు ఇంటికి రావడం మా వీధిలో మామూలు విషయం కాదు. నేనేం తప్పు చేశానో అని అమ్మ నా వైపు చూసింది.

కుర్చీ వేస్తే చాప మీద కూర్చున్నారు. మజ్జిగ తాగి, గ్లాసు పక్కన పెట్టి చెప్పారు.

"కనుక్కొచ్చానండీ. ఈ అమ్మాయి చెప్పే కాలేజీలో చేరాలంటే ఎస్సెల్సీ తర్వాత పియుసిలో సైన్సు చదివి ఉండాలి. నేను అడిగిన కాలేజీలో అయితే కాంపోజిట్ లెక్కలు లేని వాళ్ళకి సైన్సు ఇవ్వరు. కుట్టు వచ్చా అని అక్కడెవ్వరూ అడగరట. అది వాళ్ళే నేర్పుకుంటారట."

నాన్నగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అంటే, ఇప్పుడు కుట్టు తీసుకుంటే..."

"ఇంకెప్పుడూ ఆ కాలేజీ లేదండీ."

అంత తేలిగ్గా చెప్పారు. నేను అంతవరకు నా దారి అనుకుని సంతోషంగా నడుస్తున్నది ఆ కాలేజీ తలుపు మూసేసే వైపుకే.

నాయనమ్మ వంటింటి గుమ్మంలోంచి అంది: "పోతే పోయింది లేమ్మా. ఫ్యాషన్లకి లెక్కలెందుకు, వయ్యారాలు లెక్కపెట్టడానికా?"

టీచరుగారు నవ్వారు. "ఒక పాత జాకెట్టు ఇప్పిస్తారా, చింపేసినా ఫర్వాలేనిది?"

అమ్మ ఒకటి తెచ్చింది. ఆవిడ దాన్ని నా చేతిలో పెట్టి కుట్లన్నీ విప్పమన్నారు. బ్లేడుతో విప్పాను. ముక్కలు చాప మీద పరిచాను. ముందు ముక్కలు, వెనక ముక్క, చేతి ముక్కలు. జాకెట్టుగా ఉన్నప్పుడు ఒంటి ఆకారంలో ఉన్నది, విప్పితే వంపులున్న చదును ముక్కలై కూర్చుంది. నాన్నగారు ముందుకు వంగారు. ఆయన ఎప్పుడూ జాకెట్టుని అలా చూసి ఉండరు.

"పురికొస ఉందాండీ? ఈ చంక వంపు పొడవెంతో కొలవండి. తర్వాత చేతి ముక్క పై వంపు కొలవండి. ఈ రెండిటినీ కలిపే కదా కుట్టారు."

నాన్నగారు పురికొస వంపు వెంట పరుచుకుంటూ కొలిచారు. రెండోది కొలిచి, మళ్ళీ కొలిచారు.

"చేతి ముక్కదే పొడవు ఎక్కువ ఉందే. కలపడం ఎలా కుదిరింది?"

"అలాగే ఉండాలండి," అంది అమ్మ. అంతసేపు మాట్లాడనిది అప్పుడు మాట్లాడింది. "భుజం గుండ్రం కదా. ఆ కాస్త ఎక్కువ లేకపోతే చెయ్యి కదలదు. కుట్టేటప్పుడు సర్దేస్తాం."

"ఎంత సర్దాలో ఎలా తెలుస్తుందండీ?" అని టీచరుగారు అమ్మని అడిగారు.

"చేతికి తెలుస్తుంది."

"మీరు ఎన్నడూ చూడని మనిషికి, ఇంకో ఊళ్ళో ఉన్నామెకి, కొలతలు మాత్రమే పంపితే?"

అమ్మ చేతి ముక్కని చంక వంపు పక్కన పెట్టి చూసింది. "అప్పుడు చేతికి తెలీదండీ. లెక్క కావాలి," అంది.

తర్వాత నవ్వి, "అయినా మా జాకెట్లు లెక్కలు లేకుండానే ఇన్నాళ్ళూ ఊడిపోకుండా నిలిచాయి లెండి," అంది.

"మీవి నిలిచాయి. నాది చూడండి," అని టీచరుగారు తన పిన్నీసు చూపించారు. అందరం నవ్వాం. అమ్మ నొచ్చుకుంటూ, "మీ చెయ్యి సంగతి..." అని ఆగింది.

"అవునండీ, నా చెయ్యి సంగతి వేరే."

ఆ మాట నాకు బాగా గుర్తుంది. చివర్లో మళ్ళీ దాని దగ్గరికే వస్తాను.

నాన్నగారికి ఇంకో సందేహం మిగిలింది. అంతమంది మగపిల్లల మధ్య ఒక్కతే ఎలా కూర్చుంటుంది? టీచరుగారు దానికి జవాబు చెప్పేలోపే నాయనమ్మ అంది: "పాఠం చెప్పేది ఆడమనిషే గదరా. ఈవిడ ఒక్కత్తే నిలబడగా లేంది అదొక్కత్తే కూర్చోలేదా?"

ఇందాకటిదాకా ఫ్యాషన్లని తిట్టిన మనిషి అలా ఎందుకు తిరిగిందో నాకు ఇప్పటికీ తెలీదు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో టీచరుగారు నాతో ఒక్క మాట అన్నారు. "ఆ పీరియడులో ఆడపిల్ల కూర్చుని ఉండగా నేనింతవరకూ చూళ్ళేదు. ఎలా ఉంటుందో చూద్దాం."

కుట్టు టీచరుగారు మాత్రం కొన్నాళ్ళు అలిగారు. స్టాఫు రూములో అందరూ వినేటట్టు, "గుండీ కుట్టుకోడం రాదు గానీ నా పిల్లకి దారి చూపించడానికి బయల్దేరింది" అన్నారు. "గుండీ కుట్టడం నువ్వే నేర్పక్కా, బడి వదిలాక నీ దగ్గరికే పంపిస్తా" అన్నారు ఈవిడ. అలాగే జరిగింది. పీరియడులో లెక్కలు, సాయంత్రం వరండాలో కుట్టు. ఇద్దరూ కలిసి నన్ను పంచుకున్నారు.

ఫోర్తు ఫారం మొదటి నెలలు బాగా జరగలేదు. నేను ముందు బెంచీలో ఒక్కదాన్నే కూర్చునేదాన్ని. వెనక నుంచి "కుట్టు మిషనూ, నూలు తెగిందా?" అనేవాళ్ళు. అది భరించగలిగాను. అర్థం కానిది లెక్క. మొదటి పరీక్షలో తప్పాను. ఆ మార్కులు చూసి నాన్నగారు స్కూలుకి వచ్చారు. ఇంకా ఆలస్యం కాలేదు, అమ్మాయిని కుట్టులోకి మార్చేయండి అని అడిగారు. నేను తలుపు పక్కనే నిలబడి ఉన్నాను. మార్చేస్తే బాగుండునని కూడా నాకు ఒక మూల అనిపించింది.

"ఈ పరీక్షలో తప్పింది. అది ఇచ్చినదండీ, కాదనను," అన్నారు టీచరుగారు. "పబ్లిక్ పరీక్షలో తప్పుతుందన్నది మీరనుకున్నది. అది మార్జిన్లో ఉంచండి, చూద్దాం."

"మీకంత నమ్మకం ఏమిటండీ?"

"నమ్మకం కాదండీ. ఎక్కడ తప్పుతోందో చూశా. బొమ్మ గీయకుండా లెక్క చేస్తోంది. గుడ్డ చూడకుండా కత్తెర పెడుతుందా?"

ఆ రోజు నుంచి సాయంత్రాలు బస్సు వచ్చేదాకా బస్టాండు అరుగు మీద నాకు పాఠం చెప్పేవారు. పలక మీద బొమ్మ గీయించేవారు. ఏది ఇచ్చారో దాని మీద ఒక గీత, ఏది అడిగారో దాని మీద రెండు గీతలు. పొగడడం ఆవిడకి చేతకాదు. బాగా చేస్తే "ఊఁ, తర్వాత" అనేవారు. ఆ "తర్వాత" కోసం నేను చాలా కష్టపడ్డాను. బస్సు వస్తే వాక్యం మధ్యలో లేచి వెళ్ళిపోయేవారు. మిగతా సగం మర్నాడు సరిగ్గా అక్కడి నుంచే మొదలు.

ఎస్సెల్సీ పాసయ్యాను. పియుసిలో సైన్సు దొరికింది. తర్వాత హైదరాబాదులో ఆ కాలేజీలో సీటు వచ్చింది. రిజల్ట్సు వచ్చిన రోజు కుట్టు టీచరుగారు నన్ను పట్టుకుని ఏడ్చారు. లెక్కల టీచరుగారు, "ఊఁ, తర్వాత?" అన్నారు.

కాలేజీలో రెండో ఏడు ఒక ప్రాక్టికల్ క్లాసు. సాధారణంగా గుడ్డని మడత పెట్టి కోస్తారు. ఒక్క కోతలో రెండు వైపులా సమానంగా వస్తాయి. ఆ రోజు మాకు మడత పెట్టకుండా, ఎడమకి వేరే, కుడికి వేరే కొలతలు తీసుకుని కొయ్యమన్నారు. మనిషి ఒళ్ళు రెండు వైపులా సమానంగా ఉండాలని ఏమీ లేదు, కొలిచి చూడండి అన్నారు. కొలిచాం. మా క్లాసులో ఎవరికీ రెండు భుజాలూ ఒక్కలా లేవు. అప్పుడు మా మేడం ఇంకో మాట చెప్పారు. చేతికి వీలుగా ఉండాలని చాలామంది చంకని కిందికి దింపి కోస్తారు. అది పొరపాటు. చంక ఎంత కిందికి దిగితే చెయ్యి అంత తక్కువ లేస్తుంది, ఎందుకంటే చెయ్యితో పాటు జాకెట్టంతా పైకి లేవాలి, నడుం దగ్గర బిగువుగా ఉన్న జాకెట్టు లేవదు. చంక పైకి, ఒంటికి దగ్గరగా ఉంటేనే చెయ్యి విడిగా కదులుతుంది.

అది రాసుకుంటూ ఉండగా నా చెయ్యి ఆగిపోయింది. "ఈసారి చంక ఇంకాస్త కిందికి దింపి కోస్తాలే" అన్న కుట్టు టీచరుగారి మాట వినిపించింది. ప్రతి ఏడూ ఇంకాస్త. ప్రేమతోనే, ఇంకాస్త.

మా సెలవులకి నందిగామ వచ్చేసరికి అక్కడ బడి నడుస్తోంది. టీచరుగారిని కుట్టు సామాను పెట్టే గదిలో కూర్చోబెట్టి కొలతలు తీసుకున్నాను. ఎడమ భుజం వేరే, కుడి భుజం వేరే.

"ఏమిటే ఈ కొలవడం? దర్జీకి ఇన్ని కొలతలు ఎప్పుడూ ఇవ్వలేదు."

"ఇంతవరకూ ఇవ్వనివి ఇస్తే లెక్క కుదురుతుందండీ."

కుట్టు టీచరుగారు నా పక్కనే నిలబడి నేను గుడ్డని మడత పెట్టకుండా పరచడం చూశారు. "గుడ్డంతా పాడు చేస్తోంది" అన్నారు. చంక పైకి గీశాను. "ఒసేయ్, అక్కడ కోస్తే ఊపిరాడక చస్తుందే!" అన్నారు. కోసేశాను. కుట్టడం ఆవిడ నేర్పినట్టే కుట్టాను, అంచులు లోపలికి మడిచి, కాజాలు చేత్తో. అయ్యాక ఆవిడ తిరగేసి లోపలి కుట్లు పట్టి పట్టి చూశారు. "కోత ఎవరిదో నాకు తెలీదు. కుట్టు మాత్రం నాదే," అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం టీచరుగారు ఆ గది తలుపు వేసుకుని జాకెట్టు వేసుకున్నారు. బయటికి వచ్చినప్పుడు ఆవిడ చెయ్యి అలవాటుగా కుడి భుజం మీదికి వెళ్ళింది, పిన్నీసు కోసం. అక్కడ పెట్టాల్సినంత వదులు లేదు.

"చెయ్యి ఎత్తండి టీచరుగారూ," అన్నాను.

"లేవదమ్మా. నీకు తెలుసుగా."

"ఎత్తి చూశారాండీ?"

ఆవిడ నన్ను ఒకలా చూశారు. "బండి మీంచి పడ్డప్పుడు డాక్టరు ఎత్తొద్దన్నాడు. చిన్నపిల్లని. తర్వాత..." అని ఆగారు. తర్వాత ఏమిటో ఆవిడే వెతుక్కుంటున్నట్టుంది. ఎప్పుడైనా ఎత్తబోతే జాకెట్టు పట్టేసేది, చెయ్యే పట్టేసిందనుకుని దించేసుకునేవారు. అంతే జరిగి ఉంటుంది.

నేరుగా పక్కనే ఉన్న ఫోర్తు ఫారం గదిలోకి వెళ్ళారు. మేమిద్దరం వెనకాలే వెళ్ళాం. పిల్లలింకా మధ్యాహ్నం భోజనాల నుంచి రాలేదు. ఆవిడ పౌడరు డబ్బాలోంచి సుద్దముక్క తీశారు. చెయ్యి మెల్లగా ఎత్తారు. గుండెల ఎత్తు దాటింది. భుజం దాటింది. పూర్తిగా లేవలేదు. చెవి దగ్గర ఆగింది, అక్కడ కొంచెం నొప్పి కూడా పుట్టినట్టుంది. కానీ పొడుగు మనిషి. బోర్డు పై అంచుకి అది చాలు. అక్కడ "ఇచ్చినది" అని రాశారు.

రాసి, చెయ్యి దించకుండా దాన్నే చూస్తూ నిలబడ్డారు.

"ఇన్నేళ్ళూ చెయ్యే అనుకున్నా," అన్నారు.

కుట్టు టీచరుగారు పమిటతో ముఖం తుడుచుకుంటున్నారు. చెమటో కన్నీళ్ళో చెప్పలేను. గొంతు మాత్రం మామూలుగానే ఉంది.

"అనుకున్నావా? అయితే మార్జిన్లో రాసుకో."

టీచరుగారు పగలబడి నవ్వారు. ఆవిడ అలా నవ్వడం నేను చూసింది అదొక్కసారే. తర్వాత నా వైపు తిరిగారు. ఏదో అనబోతున్నారనుకున్నాను. "ఊఁ," అన్నారు. "తర్వాత" అనలేదు.

గంట కొట్టారు. పిల్లలు వచ్చారు. అందులో ఆడపిల్లలు కూడా ఉన్నారు, ముందు బెంచీలో, సంచులు ఒళ్ళో పెట్టుకుని. నేను గుమ్మం బయట నిలబడి చూశాను. ఆవిడ సుద్ద తీయగానే వెనక బెంచీలు అలవాటుగా లేచి నిలబడ్డాయి. ఆవిడ బోర్డు పై అంచు దగ్గర రెండో వాక్యం మొదలుపెట్టి, వెనక్కి తిరగకుండానే అన్నారు.

"కూర్చోండి. కనిపిస్తుంది."